తంజావూరి క్రైస్తవగురువు ష్వార్ట్జు

తంజాపుర మనఁగానే యాంధ్రపండితులకు రఘునాథనాయకుఁడును విజయరాఘవుఁడును మొదట స్మృతికి వత్తురు. నాయకరాజుల యనంతర మా సింహాసనము నధిష్ఠించిన మహారాష్ట్రప్రభువులును దెలుఁగును విడనాడక పోషించిరనియు, సరస్వతీమహలులోని తెలుఁగు తాళపత్రములు నేఁటికి నిలిచియుండుట కా వంశమువారి శ్రద్ధయే ముఖ్యకారణమనియు వా రెఱిఁగినదే. ఆ గ్రంథాలయము శరభోజి మహారాజు (1777–1832) పేరనే నేఁడును బరఁగుచున్నది. ఆ మహారాజు పదేండ్ల ప్రాయమున రాజ్యము గోల్పోయి, విద్యాగంధ మబ్బకుండ మూసినయింట నుంపఁబడి యుండఁగా, వెలికిఁ దెచ్చి చదువు చెప్పించినవాఁ డెవఁడో యాంధ్రదేశమున నంతగాఁ బ్రసిద్ధము గాదు. ఆతఁ డొక జర్మనుదేశపు క్రైస్తవగురువు. పేరు క్రిస్టియన్ ఫ్రెడరిక్ ష్వార్ట్జు.

ఈతఁడు మతప్రచారమునకై వచ్చినవాఁడు. ఆ సంగతి నాతఁ డెన్నఁడును దాఁచలేదు. అట్టివానిని హైందవరాజు తన పుత్రునకు రక్షకునిగాఁ గోరుటయు, మహమ్మదీయప్రభువు రాయబారిగా నంగీకరించుటయు, వర్తకులైన కుంపిణీవారు తమ మాట చెల్లనిచోట నాతని మాటను ముందునకుఁ ద్రోయుటయు నొక్కజీవితముననే జరిగినవి. ఒకరి నొకరు నమ్మని యీ మువ్వురును ఈతని నేల నమ్మిరి? ఆ నమ్మకము నిలుపుకొనుట కాతఁ డేమి వెల యిచ్చెను? ఆతని శీలమును, ఆధ్యాత్మికజీవనమును దెలియఁగోరువా రీ రెండు ప్రశ్నలను విడిచి పూజాప్రార్థనల లెక్క వ్రాసికొన్న యెడల నాతఁడు వారికిఁ జిక్కఁడు.

ష్వార్ట్జు తన చరిత్రమును దాను వ్రాసికొన్నవాఁడు గాఁడు. హాలే పట్టణమునందలి పెద్దలకును, లండనులోని క్రైస్తవజ్ఞానప్రచారసంఘమునకును నాతఁడు పంపుచువచ్చిన లేఖలును దినచర్యలును గలవు. వానిని గూర్చి హ్యూ పియర్సను అను నాంగ్లేయగురువు 1834 లో నొక జీవితచరిత్రమును బ్రకటించెను. పియర్సను స్తుతిపాఠకుఁడే యైనను లేఖలను విరివిగా నుదాహరించినవాఁడు గావున, స్తుతిని విడిచి లేఖలను మాత్రము గ్రహింప వీలున్నది.

ఆతఁడు 1726 లో బ్రాండెన్‌బర్గు సీమయందలి సోనెన్‌బర్గున జన్మించెను. తల్లి శైశవమునందే గతించెను. చనిపోవుచు నామె, యీ బిడ్డను దైవమున కర్పించితి ననియు, వాఁడు గురువృత్తి నవలంబింపఁ గోరిన నడ్డగింపవల దనియు భర్తతోఁ జెప్పెనఁట. హాలే విశ్వవిద్యాలయమున నాతఁడు చదువు నాఁటికి నచ్చట ‘పైటిస్టు’ లను భక్తిమార్గమువారు ప్రబలులై యుండిరి. సిద్ధాంతవాదములకంటె హృదయపరివర్తనమును, నోటిప్రార్థనకంటె నిత్యవర్తనమును ముఖ్యముగా నెంచుట వారి మతము. అనాథబాలురకు విద్యాలయములు కట్టుట, దీనులకు వైద్యము చేయుట మున్నగునవి వారికి భక్తిలోని భాగములే కాని భక్తికిఁ దోఁకలు కావు. ష్వార్ట్జు జీవితమంతయు నీ మార్గమునకు భాష్యమని చెప్పవచ్చును.

హాలేయందే యాతనికి బెంజమిన్ షుల్ట్‌జు పరిచయ మయ్యెను. ఈ షుల్ట్‌జు తెలుఁగువారికిఁ గ్రొత్తవాఁడు గాఁడు. చెన్నపట్టణమునఁ బెక్కేండ్లుండి, తెలుఁగు నేర్చి, బైబిలును దెలుఁగు చేసి, స్వదేశమునకుఁ బోయిన పిదప 1746, 1747 సంవత్సరములలో హాలేలోఁ దెలుఁగక్షరములతోఁ జిన్నపుస్తకముల నచ్చొత్తించినవాఁ డాతఁడే. ఆతఁ డరవబైబిలు ముద్రణమునకై సహాయుని వెదకుచు ష్వార్ట్జునకుఁ దమిళాక్షరములు నేర్పెను. ఆ ముద్రణము సాగలేదు. చదువు మాత్రము వ్యర్థము గాలేదు. 1749 లోఁ గోపెన్‌హేగనున గురుపట్టము నంది, 1750 లో డేనులవారి తరంగంబాడి చేరిన ష్వార్ట్జు నాలుగు నెలలలోఁ దమిళమున నుపన్యసింపఁగలిగెను.

అట నుండి మరణమువఱకు నలువదియెనిమిదేండ్లు. ఒక్కమాఱైనను స్వదేశమునకుఁ బోలేదు. వివాహము చేసికొనలేదు. తమిళము, పోర్చుగీసు, ఇంగ్లీషు, హిందూస్తానీ, పారసీకము, మహారాష్ట్రము నేర్చెను. ఈ భాషలలో నేదియు శాస్త్రకుతూహలముచే నేర్చినది గాదు. తిరుచిరాపల్లిలో నవాబుకొలువువారితో మాటాడవలసివచ్చినప్పుడు పారసీకము, తంజావూరి రాజుతో నడుమ దుబాసి లేక మాటాడఁగోరినప్పుడు మహారాష్ట్రము. హిందువుల పురాణకథలను సైతము కొన్నియేండ్లు శ్రమపడి చదివెను. తాను ఖండింపఁబోవు మతమును దెలియక ఖండించుట యన్యాయమని యాతని తలఁపు. ఖండనము మానలేదు. దేవాలయద్వారములయొద్ద బ్రాహ్మణులతో వాదించిన వాదములు దినచర్యలలోఁ బెక్కు గలవు. ఐనను ప్రతివాదిని నవ్వులపాలు చేసి గెలుచుట యం దాతనికి రుచి లేదని యా దినచర్యలే చెప్పుచున్నవి. వాదప్రియులైన మన పండితులలోనే యీ గుణ మంత సులభము గాదు.

తిరుచిరాపల్లిలో నాతని నెఱిఁగిన విలియం చేంబర్సు అను దొర యాతని యింటిరీతిని వర్ణించియున్నాఁడు. పాతకట్టడములో నొక గది. అందు మంచమును మనిషియుఁ బట్టునంత చోటు. తిండి యన్నమును గూరలును. ఉడుపు నల్లరంగద్దిన ముదుకగుడ్డ. సంవత్సరాదాయము నలువదియెనిమిది పౌనులు. ఆంగ్లసైనికుల కాతఁడు జీతము లేకయే గురుత్వము నెఱపెను. వారి చందాలతోడనే యచ్చట 1766 లో ‘క్రైస్టు చర్చి’ యను ప్రార్థనాలయము నిలిచినది. పిమ్మటఁ గుంపిణీవా రాతనికి జీత మేర్పఱుపఁగా నందు సగము మఠకార్యములకు వ్యయించెను.

ఆతని దినక్రమ మించుమించుగా నెప్పుడు నొక్కటే. వేఁకువను ఉపదేశులను గూర్చుకొని ప్రార్థించి, వారి నిద్దఱిద్దఱిగా నూళ్లకుఁ బంపును. సాయంకాలమున వారు మరలివచ్చి యెవరితో నేమి మాటాడినది, ఎవ రేమి బదులు చెప్పినది విన్నవింతురు. వినుటలోఁ బొరపాట్లు దిద్దును. మరల ప్రార్థన. ఇది గురుకులమునకు సమీపమైన పద్ధతి. ఈ యుపదేశులలో సత్యనాథుఁ డను తమిళుఁడు 1790 లో గురుపట్టము నందెను.

ఆతని మనస్సులోని కాఠిన్యము నెఱుంగుట కొక చిన్నసంగతి చాలును. తంజావూరి మహారాష్ట్రబ్రాహ్మణ వితంతువు క్లారిండా యను నామె యొక యాంగ్లసేనాధికారి రక్షణలో నుండి, క్రైస్తవమతమున శ్రద్ధ గలిగి, జ్ఞానస్నాన మిమ్మని ష్వార్ట్జును వేఁడెను. వివాహము లేని సహవాసమున నున్నంతకాల మీయ నని యాతఁడు నిరాకరించెను. బ్రాహ్మణస్త్రీ యొకతె తన మతమునఁ జేరెనని చాటుకొనుటకు మతప్రచారకుని కింతకంటె నవకాశ ముండదు. ఐనను విడిచెను. ఆ యధికారి మరణించిన పిదప, 1778 లోఁ బాళయంకోటలో నామెకు జ్ఞానస్నాన మిచ్చెను. ఆమె యచ్చటఁ గట్టించిన ప్రార్థనాలయము తిరునల్వేలి క్రైస్తవసంఘమునకు మూలమైనది. తొలుత నిరాకరించినది దయలేమి యని కొందఱ నవచ్చును. సంఖ్య కొఱకు నియమమును సడలింపని గురు వని మాత్రము తెలియుచున్నది.

ఇఁక హైదరాలీకడకు రాయబారము. 1779 లోఁ జెన్నపట్టణపు గవర్నరు సర్ థామస్ రంబోల్డు ష్వార్ట్జును రహస్యముగాఁ బిలిపించి, కుంపిణీవారు సంధినే కోరుచున్నారని హైదరునకు నచ్చఁజెప్పి, ఆతని మనస్సు తెలిసికొని రమ్మనెను. తక్కిన రాయబారులు వల దనియు, ఆ క్రైస్తవునిఁ బంపిన నాతఁడు తన్ను మోసగింపఁ డనియు హైదరు తానే యనెనని యైతిహ్యము. ష్వార్ట్జు సంశయించెను. గురువు రాజకార్యములఁ జొరఁబడుట మంచిది గాదని యెఱుఁగును. కడకు మూఁడు కారణములు చెప్పికొని యంగీకరించెను: ఇది రక్తపాతమును మాన్పు పని, త్రోవపొడవునను సువార్త చెప్పుకొన నవకాశము దొరకును, కుంపిణీవారు తన కింతకాలము చేసిన యుపకారమునకుఁ గృతజ్ఞత చూపవలెను. మొదటి రెండు కారణములును గురువునకుఁ దగినవి. మూఁడవది యుదారమైనదే కాని, ఋణపడినవాని నోట రాయబారముఁ బంపుట పంపువాని కెంత యనుకూలమో యాతఁ డప్పుడు తలఁచినట్లు లేదు.

జూలైలో బయలుదేఱి యాగస్టు నెలాఖరునకు శ్రీరంగపట్టణముఁ జేరెను. హైదరు తనప్రక్కఁ గూర్చుండఁబెట్టుకొని హిందూస్తానీలో మాటాడెను. ఆతని కొలువును ష్వార్ట్జు వర్ణించిన తీరు చరిత్రకారులకుఁ బ్రియమైనది. చదువురాని యా ప్రభువు లేఖలఁ జదివించుకొని వెంటనే బదులు వ్రాయించుటయు, మరల నొకనిచేఁ జదివించి వ్రాసిన దదియే యని తెలిసికొనుటయు, తప్పుచేసిన యధికారులను గొరడాలతోఁ గొట్టించుటయు నాతఁడు భయమును మెప్పును లేక వ్రాసెను. హైదరుదండులో జర్మను లుండిరి. వారికై డేరాలో ప్రార్థనలు జరపెను. ఎవరు నడ్డుచెప్పలేదు.

హైదరు చెప్పిన బదులు సంక్షేపముగా నిది: ఆంగ్లేయులు చేసిన మాటల నెన్నింటినో తప్పిరి; ఇప్పుడైనను నిజముగాఁ జేయి చాఁచిన నేనుఁ జాఁతును. ఈ నింద వట్టిది గాదు. ఆ సంవత్సరము మార్చిలోనే కుంపిణీవారు హైదరు రక్షణలో నున్న మాహే కోటను బట్టుకొనిరి. అంతతోఁ బోలేదు. తెలుఁగుసీమలో గుంటూరు సర్కారును నిజాముతమ్ముఁడగు బసాలత్‌జంగునొద్దఁ దీసికొని, ఆతనికి సహాయముగాఁ దమ దండును హైదరు వశమునందున్న కడపసీమ మీఁదుగా నాదవానికిఁ బంపఁజూచిరి. ఆ దండును హైదరువా రడ్డగించిరి. ఒకవంక సంధివచనము మోసికొని గురువు శ్రీరంగపట్టణమున నుండఁగా, వేఱొకవంక దండు కడపసీమ త్రోవఁ బట్టియుండెను. తన్నుఁ బంపినవారి యాలోచన లాతనికిఁ దెలియవు. మఱునాఁటి సంవత్సరము, 1780 జూలైలో, హైదరు గుఱ్ఱపుదళములు కర్ణాటకముపైఁ బడి యూళ్లను దగులఁబెట్టినవి.

త్రోవఖర్చునకై హైదరు మున్నూఱు రూపాయల సంచి నిచ్చియుండెను. తిరస్కరించిన నవమాన మని యెంచి పుచ్చుకొని, ష్వార్ట్జు దానిని జెన్నపట్టణపు ప్రభుత్వమున కప్పగించెను. వారు నీవే యుంచుకొ మ్మనిరి. ఆతఁ డా సొమ్మును దంజావూరిలో ననాథబాలుర యాంగ్లపాఠశాలకు మూలధనముగాఁ బెట్టెను. సంధి విఫలమైనను యుద్ధకాలమున హైదరు తన యధికారులకు, ఈ పెద్దపాదిరిని నెచ్చటను నడ్డగింపవలదని, యాజ్ఞ యిచ్చెను. రెండుదండుల నడుమ నాతఁడు నిరాయుధుఁడై తిరిగెను. పంపినవారి మాట చెడినను, వచ్చినవాని మాట చెడలే దని హైదరు తూఁచి చూచుకొన్నట్లున్నది. 1783 లో మరల టిప్పుకడకుఁ బోవలసివచ్చినప్పుడు సత్యమంగళమునుండియే మరలింపఁబడెను. తండ్రియెఱిఁగిన విలువ కొడుకున కక్కఱలేకపోయినది. ఆ కాలముననే దక్షిణమున సేన నడపిన కర్నలు ఫుల్లర్టను, ఐరోపావారికిఁ గలిగిన చెడ్డపేరు నొక్క ష్వార్ట్జు శీలమే కడుగఁగలుగుచున్నదని వ్రాసెను. ఇది దొరలు దొరలనుగూర్చి వ్రాసికొన్న మాట గావున మఱింత గణ్యము.

తంజావూరి క్షామమున జరిగినది ఇంతకంటె విశేషము. 1781 ప్రాంతమున హైదరుదండులు పంటలను ధ్వంసము చేసి చెఱువుకట్టలను దెగఁగొట్టెను. జనులు కోటలోనికిఁ జేరిరి. కోటలో ధాన్యము తఱిగిపోయెను. పల్లెలలోఁ గొంత ధాన్యము లేకపోలేదు. మోసికొని వచ్చుట కెద్దులు లేవు. ఎద్దులవారు రాలేదు. ఏల రాలే దనఁగా, పూర్వము రాజోద్యోగులును గుంపిణీ యుద్యోగులును బలవంతముగా మోయించుకొని కూలి యెగఁబెట్టినవారే. రాజు మాట యిచ్చెను, ఎవరును నమ్మలేదు. అప్పుడు రాజు, మన మందఱము పరపతిఁ గోల్పోయితిమి, ప్రజ లా పాదిరిని నమ్ముదు రేమో చూడుఁడు, అని ష్వార్ట్జుకు వర్తమాన మంపెను. ప్రతి యెద్దునకును గూలి నా చేతులతో నిత్తు నని యాతఁడు పల్లెలకు జాబులు వ్రాసెను. రెండుమూఁడు దినములలో వేయి యెద్దులు కూడెను. ఉపదేశులు వెంటఁ బోయి, అచిరకాలముననే 80,000 కలముల ధాన్యమును కోటలోనికిఁ దెచ్చిరి. కల మనునది యా దేశపు ధాన్యపుఁగొలత. కూలి చెల్లింపఁబడెను.

తుళజామహారాజు తుదిదినములలో మఱియొకటి జరిగినది. అధికారుల దౌర్జన్యమునకుఁ దాళలేక కాఁపులు దేశము విడిచి పోసాఁగిరి. 65,000 మంది వెడలిపోయి రని లెక్క. రాజు వారిని మరలఁ బిలిచెను, రాలేదు. న్యాయము జరుగునని ష్వార్ట్జు పూచీపడఁగా నొక్కదినముననే యేడువేలమంది మరలి వచ్చిరి. తక్కినవారు వారి వెంట వచ్చిరి. సాఁగునకు దినములు మీఱెను, త్వరపడుఁడని యాతఁ డనఁగా, నీవు మాకుఁ జేసిన మేలునకు బదులుగా రాత్రింబవళ్లు పాటుపడెద మని వారు చెప్పిరఁట.

ఈ రెండు సంగతులును లోకమునకుఁ దెలిసిన తీరు గమనింపఁదగినది. 1793 లో మాంట్‌గోమరీ క్యాంబెల్ అను నాతఁడు మతప్రచారకుల కృషి నిష్ఫలమని యాక్షేపించి, ష్వార్ట్జు శిష్యులే దొంగలని పరిహసించెను. దానికి బదులుగా 1794 ఫిబ్రవరిలో వృద్ధుఁడైన ష్వార్ట్జు క్రైస్తవజ్ఞానసంఘమునకు వ్రాసిన దీర్ఘలేఖలో నివి కలవు. తన్నుఁ దిట్టినందునఁ గాదు, శిష్యులను దిట్టినందున నాతఁడు కలము పట్టెను. అంతవఱకుఁ బదిసంవత్సరముల కాలము వేయి యెద్దుల సంగతి చాటుకొనక యూరకుండినవాఁడు. ఆత్మప్రశంస యని దీనిని త్రోసివేయువారు కాలక్రమమును గమనింపలేదు.

తంజావూరు, రామనాథపురము, శివగంగలలో నాంగ్లపాఠశాలలు పెట్టింపవలెనని రెసిడెంటు జాన్ సల్లివను యోచింపఁగా, వానిభారము ష్వార్ట్జుపైఁ బడెను. 1787 లోఁ గుంపిణీ డైరెక్టరు లొక్కొక్క పాఠశాలకు సంవత్సరమునకు 250 వరహాల చొప్పున మంజూరు చేసిరి. చదివినవా రెక్కువమంది బ్రాహ్మణబాలురు. చదువు నెపముతో నెవనినైనను మోసగించి మతమునఁ జేర్చుట తగదని యాతఁడు ముందుగానే యెల్లరకు విదితము చేసెను. మతప్రచారకుని నోట నీ మాట విన్న దక్షిణదేశపుఁ దండ్రులు పిల్లలను బంపిరి. ఆ మాట తప్పినట్లు నిందయు లేదు.

ఇప్పుడు దత్తతవిషయము. శాస్త్రజ్ఞులకు నిందుఁ గొంత యాసక్తి యుండును.

తుళజాజికి సంతానము నష్టమయ్యెను. 1787 లో మరణశయ్యపై నుండి సగోత్రీయుఁడైన శరభోజిని దత్తు చేసికొని, ష్వార్ట్జును బిలిపించి, యీతఁడు నా కొడుకు గాఁడు, నీ కొడుకు. నీచేత నుంచుచున్నాను, అనెను. సంరక్షకుఁడవై రాజ్యమును జూడుమని యర్థము. అనఁగా నొక విదేశీయగురువు తంజావూరి రాజ్యమును బాలుని పేర నేలఁదగిన యదను. ష్వార్ట్జు వల దనెను. నేను నెల కొకటి రెండుమాఱులు వచ్చి చూడఁగలవాఁడనే కాని, అంతఃపురమున నీ బాలున కేమి కీడు మూడిన నెఱుఁగఁజాలను. నీ తమ్ముఁడగు నమరసింహునిఁ బెట్టుము, అని సలహా యిచ్చెను. నిస్పృహకు నిదర్శనముగా దీనిని స్తుతింతురు. స్తుతింపఁదగినదే. కాని బాలుని పాలిటి కీ సలహా చెఱుపు చేసినది.

తుళజాజి గతింపఁగానే యమరసింహుఁడు రాజ్యము తనదే యనెను. చెన్నపట్టణపు గవర్నరు సర్ ఆర్చిబాల్డ్ క్యాంబెల్ పండితుల నభిప్రాయ మడిగెను. దత్తుఁడు జనకునకు నేకపుత్రుఁ డనియు, వయస్సు మీఱిన దనియు, దత్తు చేసికొన్ననాఁడు రాజు స్వస్థచిత్తుఁడు గాఁ డనియు వారు కారణములు చూపి దత్తత చెల్ల దనిరి. అమరసింహునకుఁ బట్టము గట్టిరి. ఏకపుత్రదానమును వసిష్ఠుఁడు నిషేధించుట యందఱెఱిఁగినదే. ఆ నిషేధమునకు సంతానవిచ్ఛేద మను హేతువు కూడఁ జెప్పఁబడియుండుటచే, అది దాతకు దోష మాపాదించునే కాని దానమునే రద్దు చేయదని యొక పక్షము మీమాంసకులలోఁ గలదు. నూఱేండ్ల పిదప, 1899 లో, మదరాసు హైకోర్టునుండి పోయిన బలుసువారి వ్యాజ్యమున ప్రీవీ కౌన్సిలువారు నేకపుత్రదత్తత చెల్లునని తీర్మానించిరి. 1787 నాఁటి తంజావూరి పండితులు రెండవపక్షమును విచారింపనే లేదో, విచారించి విడిచిరో, వారి సమాధానముననే తెలియవలసియుండెను. ప్రభువునకు వలయు నుత్తరము ముందుగా నిర్ణీతమైనప్పుడు శాస్త్రమున కెన్ని నోళ్లు వచ్చునో చూపుట కిది మంచి యుదాహరణము. తరువాతి గవర్నరుజనరలు వంగదేశపుఁ బండితులను, కాశీపండితులను నడుగఁగా వారు దత్తత చెల్లుననిరి.

అమరసింహుఁ డన్నకిచ్చిన మాట నిలుపలేదు. బాలుని గదిలో మూసి, చదువు చెప్పింపక, గాలివెలుతురు సోఁకనీయక యుంచెను. తాను చూపిన సంరక్షకుఁడే కంటక మగుట చూచి ష్వార్ట్జు మౌనము వహింపలేదు. చెన్నపట్టణమునకు మాటిమాటికి వ్రాసి, రాజును గలిసి మందలించి, బాలునకుఁ గుంపిణీ సిపాయిల కావలి యేర్పఱిపించెను. 1793 లో శరభోజిని, తుళజాజి రాణులను జెన్నపట్టణమునకుఁ జేర్పించి, యచ్చట వేపేరిలోని గెరికె గురువుచేఁ జదువు చెప్పించెను. దత్తతవిషయమై పండితులను మరల విచారించుటకును నీతని విజ్ఞాపనములు మూలములు. అధికారము వల దని తొలగినవాఁడు, తొలగినందునఁ గలిగిన కీడును దిద్దుటకుఁ బదేండ్లు వెచ్చించెను. ఆతని యాధ్యాత్మికజీవనమున కిది ప్రార్థనాగ్రంథములకంటె బలవత్తరమైన సాక్ష్యము.

ఇందు మఱవరాని దొకటి. ఏ బాలుఁడు తన్నుఁ దండ్రివలెఁ జూచుచుండెనో, ఏ బాలునకుఁ దనకంటె వేఱుదిక్కు లేదో, ఆ బాలునకు ష్వార్ట్జు జ్ఞానస్నాన మీయలేదు. క్రీస్తును గూర్చి చెప్పకుండినాఁడనుట గాదు, నిస్సంకోచముగాఁ జెప్పెను. బాలుని నిస్సహాయతను సాధనముగాఁ గొనలేదు. శరభోజి యామరణము హిందువుగానే యుండెను; పిమ్మటఁ గాశీయాత్ర చేసి, యచ్చటినుండి తెచ్చిన సంస్కృతగ్రంథములతో సరస్వతీమహలును నింపెను.

ఆక్షేపింపఁదగినవియు లేకపోలేదు. తంజావూరి సంఘమునఁ గులభేదము నాతఁడు పూర్తిగాఁ దొలగింపలేదు. ప్రార్థనాలయమున వేర్వేఱు చోటులఁ గూర్చుండుట సాఁగినది. అది లౌకికాచార మనియు, మెల్లమెల్లగాఁ బోవుననియు నాతని యూహ. పోలేదు. ఆతని పిదప నలువదేండ్లలో నీ విషయమై బిషప్ విల్సను కఠినాజ్ఞలు చేయఁగా తంజావూరి క్రైస్తవసంఘము చీలిపోయినది. బాల్యమునఁ దిరునల్వేలినుండి ష్వార్ట్జు తెచ్చి పెంచిన వేదనాయకశాస్త్రి (1774–1864) తమిళ క్రైస్తవకవులలో నగ్రగణ్యుఁడు, శరభోజికి సహాధ్యాయుఁడు. ఆతఁడే కులాచారపక్షమున నిలిచి వాదించెను. గురువు వాయిదా వేసిన ప్రశ్న శిష్యునిమీఁదఁ బడినది.

కాలిపుండుతో బాధపడుచు ష్వార్ట్జు 1798 ఫిబ్రవరి 13 వ తేదీని తంజావూరిలో మరణించెను. శ్వాస యాఁగెనని తలఁచి గెరికె గురువు కన్నులు మూసియున్న యాతనిప్రక్కన నాతనికిఁ బ్రియమైన పాట నెత్తుకొనఁగా, రెండవచరణమున నాతఁడును గొంతు కలిపె నని చెప్పుదురు. ఉన్న ధనమంతయు మఠమునకును బీదలకును వ్రాసి యిచ్చెను. అంత్యక్రియలకు శరభోజి వచ్చి, పేటికను మూయుటకు ముందు చివరిసారి చూచి కన్నీరు నించి, బంగరుబట్టఁ గప్పెను. నాలుగు నెలలు గడచి, జూన్ నెలలో నాతనికిఁ బట్టాభిషేక మయ్యెను. రక్షించినవాఁడు దానిని జూడలేదు.

1801 లో శరభోజి లండను సంఘమునకు వ్రాసి గురువునకుఁ బాలరాతి స్మారకము చెక్కింపఁ గోరెను. ఫ్లాక్స్‌మన్ అను ప్రసిద్ధశిల్పి చెక్కిన యా ఫలక మిప్పుడును దంజావూరి చిన్నకోటలోని ప్రార్థనాలయమున నున్నది. వృద్ధుఁడు శయ్యపై నుండఁగా రాజు వంగి చేయి పట్టుకొన్నట్లు రూపము. క్రిందనున్న పద్యము శరభోజి తాను ఇంగ్లీషున రచించినది. అందుఁ దండ్రీ యని సంబోధించి, వినయమును, దీనరక్షణమును, కపటము లేమిని జెప్పి, తన పేరుతో ముగించెను. కుంపిణీవారును జెన్నపట్టణపు కోటలోని సెయింట్ మేరీ చర్చిలో వేఱొక స్మారకము నిలిపిరి. ఆ రెండింట గుంపిణీవారిది పెద్దది.